కణితిని పక్కనపెట్టి టీ కణం వెంటపడ్డ శాస్త్రవేత్త: జేమ్స్ అలిసన్

క్యాన్సర్‌కు మందు కనిపెట్టాలంటే ముందు క్యాన్సర్ కణాన్ని చదవాలి, దాని బలహీనత ఎక్కడుందో పట్టుకోవాలి, అక్కడే దెబ్బకొట్టాలి. దశాబ్దాల పాటు పరిశోధన దాదాపుగా ఈ దారిలోనే నడిచింది. రేడియేషన్, కీమోథెరపీ, ఆ తర్వాత వచ్చిన టార్గెటెడ్ మందులు, వీటన్నిటి గురీ కణితి మీదే. 2018లో జపాన్ శాస్త్రవేత్త తసుకు హొంజోతో కలిసి వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్న అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ అలిసన్ ఈ దారిలో వెళ్లలేదు. ఆయన పట్టుకున్న ప్రశ్న వేరు. మన ఒంట్లోని టీ కణం, అంటే రోగాల మీద పోరాడే ఒక రకం తెల్లరక్త కణం, దాడికి ఎప్పుడు దిగుతుంది? దిగాక దాన్ని ఎవరు ఆపుతారు? క్యాన్సర్ చికిత్స తీరునే మార్చిన మందు ఈ ప్రశ్నకు దొరికిన జవాబులోంచి వచ్చింది.

జవాబు దొరికాక కూడా మందు రోగుల దాకా రావడానికి పదిహేనేళ్లు పట్టింది. ఆలస్యానికి డబ్బు, అపనమ్మకం లాంటి కారణాలు ఉన్నాయి. వాటికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. రోగనిరోధక వ్యవస్థ పని చేయడానికి టైమ్ తీసుకుంటుంది. ఆ సంగతి ఎలుకల మీద చేసిన తొలి ప్రయోగాల్లోనే కళ్లకు కట్టినట్టు కనిపించింది. అయినా మనుషుల ట్రయల్స్‌ మొదలయ్యేసరికి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అలిసన్ కెరీర్‌ను ఈ కోణంలోంచి చూస్తేనే దాని అసలు విలువ తెలుస్తుంది.

అలిసన్ 1948లో టెక్సస్ రాష్ట్రంలోని ఆలిస్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఊరి డాక్టర్. తల్లి లింఫోమా అనే క్యాన్సర్‌తో చనిపోయేనాటికి ఆయన ఇంకా చిన్నపిల్లాడు. తర్వాతి ఏళ్లలో మేనమామలనూ క్యాన్సర్ తీసుకుపోయింది, 2005లో అన్న ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయారు. హైస్కూల్లో జీవపరిణామం ఊసెత్తకుండా జీవశాస్త్రం చెబుతున్నారని ఆ క్లాసులో కూర్చోనన్నారు, టెక్సస్ యూనివర్సిటీ నుంచి ఉత్తరాల ద్వారా ఆ కోర్సు పూర్తిచేశారు. తనకు సరిగ్గా అనిపించనిదాన్ని ఎవరు చెప్పినా ఒప్పుకోని ఈ గుణమే తర్వాత ల్యాబ్‌లోనూ పనికొచ్చింది.

ఆస్టిన్‌లో పీహెచ్‌డీ చేసేటప్పుడు ఆయన అంశం రోగనిరోధక శక్తి కానే కాదు. లుకేమియాకు వాడే ఆస్పరాజినేజ్ అనే ఎంజైమ్ మీద పని. ఆ ఎంజైమ్‌తో కొన్ని ఎలుకల్లో కణితులు మాయమయ్యాయి. నయమైన ఎలుకలకు మళ్లీ అవే క్యాన్సర్ కణాలు ఎక్కించి చూస్తే, ఈసారి ఏ మందూ ఇవ్వకుండానే అవి కణితిని పెరగనివ్వలేదు. ఎంజైమ్ క్యాన్సర్ కణాలను చంపింది సరే, వాటిని గుర్తుపెట్టుకున్నది మాత్రం ఎలుక శరీరం. డిగ్రీకి అక్కరలేని ఆ చిన్న ప్రయోగం ఆయన మనసులో ఉండిపోయింది.

1970ల చివర్లో టెక్సస్‌లోని స్మిత్‌విల్ దగ్గర, ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ కొత్తగా పెట్టిన పరిశోధనా కేంద్రంలో చేరారు. అప్పట్లో రోగనిరోధక శాస్త్రవేత్తలంతా వెతుకుతున్నది ఒకే ఒక్కదానికోసం. టీ కణం పరాయి పదార్థాన్ని దేనితో గుర్తుపడుతుంది? అంటే టీ కణం రిసెప్టర్ ఏది? అలిసన్ బృందం ఎలుకల టీ కణ లింఫోమా మీద ఒక యాంటీబాడీ తయారుచేసి, దాని సాయంతో ఆ రిసెప్టర్ ప్రొటీన్‌ను పట్టుకుంది. పెద్ద పేరున్న జర్నల్స్ వద్దన్నాక 1982లో ఆ వ్యాసం ‘జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీ’లో వచ్చింది. మరుసటి ఏడాది ఇతర ల్యాబులు కూడా అదే ప్రొటీన్ దగ్గరికి చేరాయి. 1984లో మార్క్ డేవిస్, టాక్ మాక్ బృందాలు దాని జన్యువులను బయటపెట్టాయి. ఎవరికీ పెద్దగా తెలియని ఊళ్లో పనిచేస్తున్న అలిసన్‌కు 1985లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చోటు దొరికింది.

ఇక్కడి నుంచి కథ చిక్కబడుతుంది. రిసెప్టర్‌కు పరాయి పదార్థం తగిలినంత మాత్రాన టీ కణం కదలదని అప్పటికే తెలుసు. రెండో సిగ్నల్ ఒకటి కావాలి. అది అందకపోతే టీ కణం దాడికి దిగకపోగా పూర్తిగా నిద్రాణమైపోతుంది. ఆ రెండో సిగ్నల్ సీడీ28 అనే అణువు ద్వారా వస్తుందని 1992లో అలిసన్ బృందం చూపించింది. ఎదుటి కణం మీదుండే బీ7 అనే అణువు సీడీ28కి తగలాలి. అలిసన్ ఉపన్యాసాల్లో దీన్ని కారుతో పోల్చేవారు. రిసెప్టర్ తాళంచెవి, సీడీ28 యాక్సిలరేటర్. మరి బ్రేకు?

సీటీఎల్ఏ-4 అనే మరో అణువును 1987లో ఫ్రాన్స్‌లో పియర్ గోల్‌స్టీన్ బృందం కనుక్కుంది. చూడటానికి అది సీడీ28కి తోబుట్టువులా ఉంటుంది, పట్టుకునేది కూడా అదే బీ7ని. పైగా సీడీ28 కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఇది రెండో యాక్సిలరేటర్ అని చాలామంది అనుకున్నారు. అలా చూపించే ప్రయోగాలు కూడా వచ్చాయి. అలిసన్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న మాక్స్ క్రమ్మెల్ సీటీఎల్ఏ-4కు అతుక్కునే యాంటీబాడీ చేసి పరీక్షిస్తే అంతా తలకిందులుగా వచ్చింది. దాన్ని అడ్డుకుంటే టీ కణాలు మరింత చెలరేగుతున్నాయి, దాన్ని ప్రేరేపిస్తే నెమ్మదిస్తున్నాయి. చికాగోలో జెఫ్రీ బ్లూస్టోన్ బృందం కూడా విడిగా 1994లో ఇదే మాట చెప్పింది. 1995లో ఈ జన్యువు తీసేసిన ఎలుకలు పుట్టిన మూడు నాలుగు వారాలకే చనిపోయాయి. వాటి టీ కణాలు అదుపు లేకుండా పెరిగి సొంత అవయవాల్లోకే చొచ్చుకుపోయాయి. ఇక వాదనకు చోటు లేదు. సీటీఎల్ఏ-4 బ్రేకే.

ఇక్కడ ఒక సంగతి ఆగి చూడాలి. బ్రేకు దొరికిందని తెలిసినప్పుడు చాలామందికి తట్టిన ఉపయోగం దాన్ని ఇంకా గట్టిగా నొక్కడం. కీళ్లవాతం లాంటి జబ్బుల్లో శరీరం తన మీద తానే దాడి చేసుకుంటుంది కాబట్టి ఆ ఆలోచన సహజం. సీటీఎల్ఏ-4 ముక్కనే మందుగా మార్చి బీ7ను కప్పేసే అబాటసెప్ట్ 2005లో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఆమోదం పొందింది, నేటికీ వాడుతున్నారు. అలిసన్ దృష్టి ఎదురు దిక్కుకు పోయింది. బ్రేకు వదిలేస్తే టీ కణాలు కణితిని వదలవు కదా అన్నది ఆయన ఆలోచన.

ఇందులో కొత్తదనం ఎక్కడుందంటే, ఆయన లెక్క ప్రకారం ఏ క్యాన్సర్ అన్నది ప్రధానం కాదు. కణితిలో కొన్ని కణాలు చచ్చిపోతుంటాయి. వాటి ముక్కల్ని రోగనిరోధక వ్యవస్థలో కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు ఏరుకుని టీ కణాలకు చూపిస్తాయి. టీ కణాలు మేల్కొని వాటి సంఖ్య పెరుగుతుంది. మేల్కొన్న కొద్దిసేపటికే వాటి మీద సీటీఎల్ఏ-4 పుట్టుకొచ్చి బీ7ను ఆక్రమిస్తుంది, దాడి మధ్యలోనే ఆగిపోతుంది. చిన్న ఇన్ఫెక్షన్‌ అయితే అంతలోపే పని అయిపోతుంది. అప్పటికే బలిసిన కణితి ముందు ఆ కాస్త వ్యవధి ఏ మూలకు? అడ్డంకి టీ కణం మీద ఉంది కాబట్టి మందు కూడా టీ కణానికే ఇవ్వాలి.

1994 చివర్లో డానా లీచ్ అనే యువ పరిశోధకుడు ఎలుకలకు పెద్దపేగు క్యాన్సర్ కణాలు ఎక్కించి, కొన్నిటికి సీటీఎల్ఏ-4 యాంటీబాడీ ఇచ్చారు. ఇచ్చిన వాటిలో కణితులు కరిగిపోయాయి, ఇవ్వని వాటిలో పెరుగుతూ పోయాయి. ఇంత చక్కటి ఫలితం చూసి అలిసన్‌కు సంతోషం కంటే అనుమానం ఎక్కువైంది. క్రిస్మస్ సెలవులని కూడా చూడకుండా వెంటనే మళ్లీ చేయమన్నారు. ఏ పంజరంలోని ఎలుకలకు మందు ఇచ్చారో తనకు చెప్పొద్దని, కణితుల కొలతలు తానే తీస్తానని అన్నారు. కొలవడం మొదలుపెడితే మొదటి రోజుల్లో అన్ని పంజరాల్లోనూ కణితులు పెరుగుతూనే ఉన్నాయి. మందు పనిచేయలేదనే దిగులు పట్టుకుంది. రెండు వారాలు దగ్గరపడేసరికి కొన్ని పంజరాల్లో పెరుగుదల ఆగింది. ఆ తర్వాత కణితులు తగ్గడం మొదలై, చివరికి మాయమయ్యాయి. 1996లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వ్యాసంలో ఇంకో విషయం కూడా ఉంది. నయమైన ఎలుకలకు మళ్లీ క్యాన్సర్ కణాలు ఎక్కిస్తే అవి తిప్పికొట్టాయి. ఇరవై ఏళ్ల కిందట ఆస్టిన్‌లో చూసిందే ఇది.

ముందు పెరగడం, తర్వాత తరగడం. ఈ వరసే ఆ తర్వాత పదేళ్ల పాటు అందర్నీ ఇబ్బంది పెట్టింది.

మనుషులకు పనికొచ్చే యాంటీబాడీ తయారుచేయమని అలిసన్ కంపెనీల చుట్టూ తిరిగారు. ఎవరూ ముందుకు రాలేదు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. 1890ల్లో విలియం కోలీ బాక్టీరియా విషాలతో కణితులు కరిగించే ప్రయత్నం చేసిన దగ్గర్నుంచి ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స, దాని చరిత్రంతా ఆశలు పెంచి నీరుగార్చిన చరిత్రే. ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ మందుగా వచ్చినప్పుడు పెద్ద హడావుడి జరిగింది, తర్వాత చల్లారింది. క్యాన్సర్ వ్యాక్సిన్లు ఒకదాని వెనక ఒకటి విఫలమయ్యాయి. వీటన్నిటికీ తోడు, ఈ మందు క్యాన్సర్‌ను ముట్టుకోనే ముట్టుకోదు. చివరికి న్యూజెర్సీలోని మెడారెక్స్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. మనిషి యాంటీబాడీలు తయారుచేసేలా జన్యువులు మార్చిన ఎలుకలు వాళ్ల దగ్గర ఉన్నాయి. అలా పుట్టిందే ఇపిలిముమాబ్. ట్రయల్స్‌ను దగ్గరుండి చూడటానికి 2004లో అలిసన్ బర్క్‌లీ వదిలి న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌కు మారారు. మందును డాక్టర్లకు అప్పగించి వెనక్కి తిరిగిపోకుండా దాని వెంటే నడవడం ఆయన కెరీర్‌లో చాలా ముఖ్యమైన నిర్ణయం.

ట్రయల్స్‌లో చిక్కు కొలత దగ్గర వచ్చింది. కీమోథెరపీ కోసం పెట్టుకున్న ప్రమాణాల ప్రకారం స్కాన్‌లో కణితుల కొలత 20 శాతం పెరిగినా, ఎక్కడైనా కొత్త మచ్చ కనిపించినా మందు పనిచేయనట్టే. రోగిని ట్రయల్ నుంచి తీసేస్తారు. కీమో మందు నేరుగా కణాల్ని చంపుతుంది కాబట్టి అక్కడ ఆ రూలు సబబే. ఇపిలిముమాబ్ విషయంలో టీ కణాలు ముందు మేల్కోవాలి, పెరగాలి, ప్రయాణించాలి, కణితిలోకి చొరబడాలి. అవి గుంపులుగా చొరబడితే స్కాన్‌లో కణితి వాచినట్టు, పెద్దదైనట్టు కనిపించవచ్చు. లేదా దాడి పుంజుకునేలోపు కణితి నిజంగానే కొంత పెరగవచ్చు. కాగితం మీద ఫెయిలైన కొందరు రోగులు ఆరోగ్యం మెరుగుపడుతోందని డాక్టర్లకు చెప్పడం మొదలుపెట్టారు. నెలలు గడిచాక స్కాన్ తీస్తే కణితులు చిన్నవయ్యాయి.

ఇదే సమయంలో ఫైజర్ కూడా సీటీఎల్ఏ-4ను అడ్డుకునే ట్రెమెలిముమాబ్ అనే యాంటీబాడీని పరీక్షిస్తోంది. ముదిరిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్)తో ఉన్న 655 మంది మీద చివరి దశ ట్రయల్. 2008లో మధ్యంతర లెక్కలు చూసి, కీమో కంటే మెరుగేమీ లేదని ఆపేశారు. ఆ తర్వాత కూడా రోగుల్ని గమనిస్తూ పోతే మధ్యస్థ ఆయుష్షు (సగం మంది బతికి దాటిన కాలం) 12.6 నెలలు, కీమో తీసుకున్నవారికి 10.7 నెలలు అని తేలింది. గణాంకాల ప్రకారం అది గెలుపు కాదు. కానీ మందుకు స్పందించిన కొద్దిమందిలో ఆ స్పందన చాలాకాలం నిలిచింది. ఓటమికి తొందర ఒక్కటే కారణమని చెప్పలేం. డోసు మూడు నెలలకోసారి ఇచ్చారు, కీమో గుంపులోని కొందరు తర్వాత బయట ఇపిలిముమాబ్ తీసుకున్నారు. అయినా త్వరగా లెక్క తేల్చాలన్న పద్ధతి, నెమ్మదిగా పనిచేసే మందుకు అన్యాయం చేసిందన్నది మాత్రం కాదనలేని మాట.

ఇపిలిముమాబ్ చూస్తున్నవాళ్లు దారి మార్చారు. కణితి ఎంత తగ్గిందన్నది కాకుండా రోగి ఎంతకాలం బతికాడన్నదాన్ని ప్రధాన కొలతగా పెట్టారు. అంటే ట్రయల్ ఇంకా ఎక్కువ కాలం నడవాలి, ఇంకా ఎక్కువ డబ్బు కావాలి, ఫలితం కోసం ఎదురుచూడాలి. 2009లో బ్రిస్టల్-మైయర్స్ స్క్విబ్ సుమారు 240 కోట్ల డాలర్లకు మెడారెక్స్‌ను కొనేసింది. మరుసటి ఏడాది ఫలితం బయటికొచ్చింది. 676 మంది రోగులు, అందరిదీ ఆపరేషన్‌కు లొంగని మెలనోమా. ఇపిలిముమాబ్ మాత్రమే తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 10.1 నెలలు, జీపీ100 అనే వ్యాక్సిన్ మాత్రమే తీసుకున్నవారిది 6.4 నెలలు. ముదిరిన మెలనోమాలో ఆయుష్షు పెంచిందని ఇలాంటి పెద్ద ట్రయల్‌లో తేలిన మొదటి మందు ఇదే. 2011 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది.

నాలుగు నెలల తేడా చూసి ఇంతేనా అనిపించవచ్చు. ఆ ట్రయల్‌లో కణితులు గణనీయంగా తగ్గింది కూడా ఇపిలిముమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో 11 శాతం మందికే. సగటులు, మధ్యస్థాలు ఈ మందు గురించి చెప్పాల్సిన అసలు మాట చెప్పవు. రెండేళ్ల తర్వాత చూస్తే వ్యాక్సిన్ గుంపులో 14 శాతం లోపే బతికున్నారు, ఇపిలిముమాబ్ గుంపులో దాదాపు 24 శాతం. వేర్వేరు ట్రయల్స్‌లోని 1,861 మంది వివరాలు కలిపి చూసినప్పుడు సుమారు ఐదో వంతు మంది మూడేళ్లు దాటారు. అక్కడి నుంచి గ్రాఫు దాదాపు అడ్డంగా సాగుతుంది. మూడేళ్లు దాటినవారిలో చాలామంది పదేళ్లకు కూడా ఉన్నారు. నెలల్లో లెక్కపెట్టే జబ్బులో ఇది ఊహకందని విషయం. ఎలుకలు రెండోసారి కణితిని తిప్పికొట్టినప్పుడు కనిపించిన జ్ఞాపకశక్తి మనుషుల్లోనూ ఉందని అర్థం.

బ్రేకు తీస్తే ప్రమాదం ఉంటుందని జన్యువు తీసేసిన ఎలుకలు ముందే చెప్పాయి. తీవ్రమైన పేగువాపు, కాలేయవాపు, చర్మంపై దద్దుర్లు, పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు తగ్గిపోవడం, ఇవన్నీ మనుషుల్లో కనిపించాయి. 676 మంది ట్రయల్‌లో 14 మరణాలకు మందులే కారణమని తేల్చారు. స్టెరాయిడ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో, విరేచనాల్ని ఎంత సీరియస్‌గా తీసుకోవాలో క్యాన్సర్ డాక్టర్లు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. అయినా బ్రేకు వదలడం వేరు, యాక్సిలరేటర్ తొక్కడం వేరు. 2006లో లండన్‌లో సీడీ28ను నేరుగా ప్రేరేపించే టీజీఎన్1412 అనే యాంటీబాడీ ఇచ్చిన ఆరుగురు ఆరోగ్యవంతులైన వాలంటీర్లు గంటల్లోనే ప్రాణాపాయంలో పడ్డారు. అందరూ బతికారు గానీ, ఆ ట్రయల్ అక్కడితో ఆగింది. బ్రేకు వదిలినప్పుడు ప్రధానంగా అప్పటికే శత్రువును గుర్తుపట్టిన టీ కణాలే ముందుకు పోతాయి. అలిసన్ ఎంచుకున్న దారిలోని బలం ఇదే.

రెండో బ్రేకు పీడీ-1. దాన్ని 1992లో క్యోటోలో హొంజో బృందం కనుక్కుంది. సీటీఎల్ఏ-4 టీ కణం మేల్కొనే దశలో అడ్డుపడితే, పీడీ-1 ఎక్కువగా కణితి దగ్గరికి చేరాక అడ్డుపడుతుంది. దాన్ని ఆపే నివొలుమాబ్, పెంబ్రొలిజుమాబ్ 2014లో అమెరికాలో ఆమోదం పొంది ఊపిరితిత్తులు, కిడ్నీ, ఇంకా ఎన్నో క్యాన్సర్లకు విస్తరించాయి. వీటి సైడ్ ఎఫెక్ట్స్ తక్కువ, స్పందించేవారు ఎక్కువ. ఆ రకంగా పీడీ-1 మందులు ఇపిలిముమాబ్‌ను దాటిపోయాయి. రెండూ కలిపి ఇచ్చి చూసిన 945 మంది మెలనోమా ట్రయల్‌లో పదేళ్ల తర్వాత బతికున్నవారు కలిపి ఇచ్చిన గుంపులో 43 శాతం, నివొలుమాబ్ ఒక్కటే అయితే 37, ఇపిలిముమాబ్ ఒక్కటే అయితే 19. కలిపి ఇచ్చినప్పుడు సగానికి పైగా రోగులకు తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ వచ్చాయి, అదీ చెప్పుకోవాలి.

నోబెల్ ఇద్దరికే దక్కడం గురించి చర్చ జరిగింది, జరగడం న్యాయమే. గోల్‌స్టీన్, బ్లూస్టోన్, పీడీ-1 దారిలో గోర్డన్ ఫ్రీమన్, ఆర్లీన్ షార్ప్, లీపింగ్ చెన్, ఇలా చాలామంది లేకుండా ఈ చిత్రం పూర్తికాదు. బ్రేకును అందరికంటే ముందు కనుక్కున్నది అలిసన్ కాదు. దాన్ని తీసేస్తే క్యాన్సర్ తగ్గుతుందని చూపించి, మనుషులకు అందేదాకా వదలకుండా వెంటపడ్డది ఆయనే.

2012లో ఆయన మళ్లీ టెక్సస్‌కు, హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్‌కు వచ్చారు. అక్కడ తన భార్య, క్యాన్సర్ డాక్టర్, రోగనిరోధక శాస్త్రవేత్త పద్మనీ శర్మతో కలిసి ఎలుకల నుంచి మనుషులకు కాకుండా మనుషుల నుంచి ల్యాబ్‌కు నడిచే పద్ధతి పట్టారు. ఆపరేషన్‌కు ముందు రోగికి కొద్ది డోసులు ఇచ్చి, తీసేసిన కణితిలో ఏం మారిందో చూడటం ఆ పద్ధతి. మూత్రాశయ క్యాన్సర్ రోగుల్లో ఇలా చూసినప్పుడు ఐకాస్ అనే అణువున్న సీడీ4 రకం టీ కణాలు పెరిగినట్టు కనిపించింది. సీటీఎల్ఏ-4ను ఆపితే మేల్కొనే టీ కణాలు వేరు, పీడీ-1ను ఆపితే మేల్కొనేవి వేరు అని 2017లో అలిసన్ బృందం ఎలుకల్లోనూ మనుషుల మెలనోమాల్లోనూ చూపించింది. రెండు మందులు కలిస్తే బలం పెరగడానికి కారణం ఇందులోంచి అర్థమవుతుంది. సీటీఎల్ఏ-4 యాంటీబాడీ బ్రేకు వదలడమే కాక, కణితిలో దాడిని అణచే రెగ్యులేటరీ టీ కణాలను కూడా తొలగిస్తుందని ఎలుకల్లో తేలింది. మనుషుల్లో అది ఎంత జరుగుతుందన్న వాదన ఇంకా నడుస్తోంది.

అన్నను తీసుకుపోయిన ప్రొస్టేట్ క్యాన్సర్, తర్వాత తనకూ వచ్చి చికిత్స తీసుకున్న ప్రొస్టేట్ క్యాన్సర్, ఈ మందులకు అంతగా లొంగలేదు. ఇపిలిముమాబ్ పెద్ద ట్రయల్ అక్కడ ఆయుష్షు పెంచినట్టు చూపలేకపోయింది. ఎందుకని హ్యూస్టన్ బృందం కణితుల్లోకి చూస్తే టీ కణాలు లోపలికి వెళ్తున్నాయి, కానీ వాటి వెనకే విస్టా, పీడీ-ఎల్1 అనే వేరే అడ్డంకులు పెరుగుతున్నాయి. ఒక బ్రేకు వదిలితే ఇంకో బ్రేకు పడుతోంది. ఏ రోగిలో ఏ బ్రేకు పడుతుందో ముందే చెప్పగల పరీక్ష కోసం ఇప్పుడు వెతుకులాట. ఫైజర్ వదిలేసిన ట్రెమెలిముమాబ్‌ను ఆస్ట్రాజెనెకా తీసుకుని మరో మందుతో కలిపి పరీక్షించింది, 2022లో దానికి కాలేయ క్యాన్సర్‌లో ఆమోదం వచ్చింది.